పట్టణంలో పశువులు – లైసెన్సు ఎప్పుడు కావాలి?

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కాలనీలో ఉద్యోగం చేసి, పెరట్లో రెండు ఆవులను పెంచుకుంటున్న ఒక కుటుంబం ఉందనుకోండి. యజమానికి రిటైర్మెంటు దగ్గర పడింది. క్వార్టరు ఖాళీ చేయాలి. జయపురంలో అద్దె ఇల్లు చూసుకున్నారు. లేదూ, సొంత ఊరు కాబట్టి విజయనగరం వెళ్లిపోదామనుకున్నారు. సామాను లారీకి ఎక్కించడం పెద్ద పని కాదు. ఆవుల సంగతేమిటి? వాటిని కొత్త ఊళ్లో కట్టుకోవచ్చునా? లైసెన్సు తీసుకోవాలా? తీసుకోకపోతే ఎవరైనా తోలుకుపోతారా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడమే ఈనాటి మన ప్రసంగం ఉద్దేశం.

ముందే ఒక మాట చెబుతాను. ‘ఆవుకు లైసెన్సు కావాలా’ అని అడిగితే సూటిగా జవాబు దొరకదు. అడగవలసిన ప్రశ్న వేరు. ఆవు నిలబడ్డ నేల ఎవరిది, ఆ నేల మీద అధికారం ఏ స్థానిక సంస్థది, ఆ ఆవు ఇంటి పాల కోసమా లేక పాల వ్యాపారం కోసమా? ఈ మూడూ తేలితే లైసెన్సు సంగతి దానంతటదే తేలుతుంది. ఒకే ఆవు మాచ్‌ఖండ్‌లో ఒక నిబంధన కింద, జయపురంలో ఇంకొక నిబంధన కింద, విజయనగరంలో మరొక నిబంధన కింద ఉంటుంది. ఆవు మారలేదు, ఊరు మారింది.

మన మాచ్‌ఖండ్ సంగతే ముందు చూద్దాం. డుడుమ జలపాతం దగ్గర కట్టిన ఈ జలవిద్యుత్ కేంద్రం రెండు రాష్ట్రాల ఉమ్మడి సొత్తు. 1955 లో ఉత్పత్తి మొదలైన ఈ కేంద్రాన్ని ఇప్పుడు నడిపిస్తున్నది ఆంధ్రప్రదేశ్ జెన్‌కో. నేల మాత్రం ఒడిశాది, కొరాపుట్ జిల్లాది. ఆంధ్ర సంస్థ క్వార్టర్సులో, తెలుగు మాట్లాడుకుంటూ ఉంటున్నాము కాబట్టి ఆంధ్ర చట్టమే మనకు వర్తిస్తుందనుకునేవారు లేకపోలేదు. అది పొరపాటు. చట్టం గుమ్మం మీది బోర్డును బట్టి రాదు, నేలను బట్టి వస్తుంది. ఇక్కడ మునిసిపాలిటీ లేదు, ఉన్నది గ్రామ పంచాయతీ. కాబట్టి మునిసిపల్ లైసెన్సు అనే మాటే ఇక్కడ పుట్టదు. ఒడిశాలో పంచాయతీలకు 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టం ఉంది. కాలనీలో ఉన్నవారికి దానికంటే ముందు చూసుకోవలసినది మరొకటుంది. అది మీ క్వార్టరు కేటాయింపు ఉత్తర్వు. ఏ సంస్థ క్వార్టరైనా సరే, అందులో రాసిన షరతులే మీకు మొదటి చట్టం. పెరట్లో పాక వేయకూడదని అందులో ఉంటే పంచాయతీ సరేనన్నా లాభం లేదు. ఉద్యోగంలో చేరిననాడు సంతకం పెట్టి, మడిచి పెట్టెలో దాచిన ఆ కాగితాన్ని ఒకసారి తీసి చదవండి.

ఇక పట్టణాలకు వద్దాం. కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం ఈ ప్రాంతంలో మునిసిపాలిటీలు. కోట్‌పాడ్, గుడారి, బలిమెల వంటి చిన్న పట్టణాలకు నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లు ఉన్నాయి. మనవాళ్లు ఎన్.ఏ.సి. అంటారు. వీటికి ఆధారం 1950 నాటి ఒడిశా మునిసిపల్ చట్టం. అంతకు పూర్వం, అంటే 1936 ఏప్రిల్ 1 న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా, మన కొరాపుట్ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదని పెద్దలకు తెలుసు. మద్రాసువారు 1920 లో చేసిన జిల్లా మునిసిపాలిటీల చట్టం చాలా ముందుచూపుతో రాసినది. ఆంధ్రలో 1965 లో వచ్చిన మునిసిపాలిటీల చట్టానికి మూలం అదే. ఆ చట్టంలో పశువుల గురించి రాసిన మాటలు వింటే ఇవాళ రాసినట్టే ఉంటాయి. పట్టణంలోని ప్రతి పశువుల సాల, గుర్రపుశాల ఎక్కడ ఉండాలి, దేనితో కట్టాలి, ఎంత కొలతలో ఉండాలి అన్నది మునిసిపల్ అధికారి పర్యవేక్షణలో ఉంటుంది. ఇతరులకు ఇబ్బందిగా గానీ ప్రమాదంగా గానీ ఉండేలా ఎవరూ జంతువును పెంచకూడదు. ఏ జంతువుకూ మురికిని, మలినాన్ని మేతగా పెట్టకూడదు. ఈ చివరి మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగుతాను. పొద్దున్నే పాలు పిండుకుని, ఆవును వీధిలోకి తోలేసి, చెత్తకుండీ దగ్గర ప్లాస్టిక్ సంచులు నములుతూ ఉంటే చూసీ చూడనట్టు ఊరుకునే యజమానులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. మురికి మేపడం తప్పని నూరేళ్ల కిందటే చట్టంలో రాశారు. ఆ పాలు తాగేది మన పిల్లలే.

మరి లైసెన్సు ఎక్కడ వస్తుంది? మునిసిపల్ చట్టాలలో ఒక జాబితా ఉంటుంది. ఫలానా పనులకు ఒక స్థలాన్ని వాడుకోవాలంటే ముందుగా లైసెన్సు తీసుకోవాలని ఆ జాబితా చెబుతుంది. గడ్డివాములు నిలవ చేయడం, తోళ్లు ఊనడం వంటివాటితోపాటు వ్యాపారం కోసం పశువులను కట్టి ఉంచడమూ ఆ కోవలోకే వస్తుంది. ఇంట్లో పిల్లలకు పాల కోసం ఒక ఆవును కట్టుకోవడం వేరు, పది గేదెలను కట్టి వీధి వీధికీ పాలు పోయడం వేరు. మొదటిదానికి సాల శుభ్రంగా ఉందా, పొరుగువారికి ఇబ్బంది లేదా అన్న తనిఖీ ఉంటుంది. రెండోదానికి తనిఖీతోపాటు లైసెన్సు కూడా ఉంటుంది. గీత సరిగ్గా ఎన్నో పశువు దగ్గర పడుతుంది, రుసుము ఎంత అన్నది ప్రతి పట్టణంలో కౌన్సిలు చేసుకున్న ఉపనిబంధనలను బట్టి ఉంటుంది. కాబట్టి పక్క ఊరి బంధువు చెప్పిన లెక్కను నమ్ముకోకండి. మీరు ఉండబోయే ఊరి మునిసిపల్ ఆఫీసులో ఆరోగ్య విభాగానికి వెళ్లి అడగండి. ఎన్.ఏ.సి. అయితే ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును కలవండి.

దీనికి తోడు ఒక కేంద్ర నిబంధన ఉంది. దీని సంగతి పాడి పరిశ్రమలో ఉన్నవారిలో కూడా కొద్దిమందికే తెలుసు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1978 లో పశువుల ఆవరణల నమోదుకు నియమాలు చేశారు. వాటి ప్రకారం, లక్షకు మించిన జనాభా ఉన్న నగరంలో గానీ పట్టణంలో గానీ, లాభం కోసం అయిదుకు తక్కువ కాకుండా పశువులను ఉంచే ఆవరణను నమోదు చేయించాలి. ఇందులో మూడు షరతులున్నాయి చూడండి. లక్ష దాటిన ఊరు, అయిదు పశువులు, లాభాపేక్ష. మూడూ కలిస్తేనే నమోదు. ఈ లెక్కను మన ఊళ్లకు వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో జయపురం జనాభా 85 వేల లోపు, రాయగడ 72 వేల లోపు. కొరాపుట్, గుణుపురం ఇంకా చిన్నవి. అంటే ఆ లెక్కల ప్రకారం ఈ కేంద్ర నిబంధన మన రెండు జిల్లాల పట్టణాల్లో దేనికీ తగలదు. అదే విజయనగరం రెండు లక్షలు దాటినది, బరంపురం మూడు లక్షలు దాటినది, విశాఖపట్నం సంగతి చెప్పనక్కరలేదు. మాచ్‌ఖండ్ నుంచి ఆరు ఆవులతో జయపురం వెళ్లి పాల వ్యాపారం పెట్టినవారికి అక్కడి మునిసిపల్ లైసెన్సు ఒక్కటే సమస్య. అవే ఆరు ఆవులతో విజయనగరం వెళ్లినవారికి దానికి తోడు ఈ నమోదు కూడా ఉంటుంది. నాలుగు ఆవులే అయితే ఆ నమోదు అవసరం లేదు.

జనాభా లెక్కలు మళ్లీ వచ్చినప్పుడు జయపురం లక్ష దాటవచ్చు. అప్పుడు ఈ మాట మారుతుంది. గుర్తుంచుకోండి.

నమోదు దరఖాస్తులో ఏమి రాయాలని భయపడనక్కరలేదు. పశువులు ఎన్ని, ఏ రకం, సాల విస్తీర్ణం ఎంత, నేల గచ్చా మట్టా, గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయి, తాగునీరు ఎక్కడిది, పేడ, మూత్రం ఎటు పోతాయి అన్న వివరాలే. స్థానిక సంస్థ ఆరోగ్య అధికారో పశువైద్యాధికారో వచ్చి చూస్తారు. నమోదు పత్రం ఇస్తే దాన్ని కనబడేచోట తగిలించాలి. గడువు తీరాక మళ్లీ తీసుకోవాలి. మునిసిపల్ లైసెన్సుకైనా ఇంచుమించు ఇవే వివరాలు అడుగుతారు. అద్దె ఇల్లయితే ఇంటి యజమాని రాతపూర్వకమైన అంగీకారం ముందే తీసుకోండి. దరఖాస్తు ఇచ్చినరోజున ముద్ర వేసిన రశీదు అడిగి తీసుకోండి. లైసెన్సు కుదరదంటే కారణం కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగండి. కారణం చేతిలో ఉంటే సాలను మార్చుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైవారికి అప్పీలు చేసుకోవడానికీ అదే ఆధారం. నోటిమాటగా ‘కాదు పో’ అంటే అప్పీలు ఎక్కడ చేస్తారు?

పాలు అమ్మేవారికి మరో చిన్న కాగితం ఉంది. ఆహార భద్రత చట్టం కింద చిన్న వ్యాపారులు నమోదు చేయించుకోవాలి. పాల సహకార సంఘంలో సభ్యులై సంఘానికే పాలు పోసేవారికి ఆ నమోదు అవసరం లేదు.

ఇంతకీ పట్టణాలకు పశువులంటే ఎందుకింత పట్టింపు? దీనికి జవాబు పేడలో ఉంది. నాలుగు వందల కిలోల బరువున్న ఒక పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, దాదాపు అన్ని లీటర్ల మూత్రం పోస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాడి క్షేత్రాల కోసం తయారుచేసిన మార్గదర్శకాల్లో ఈ లెక్కే ఉంది. పది గేదెలంటే రోజుకు రెండు క్వింటాళ్ల దాకా పేడ. పల్లెలో అది పెంటకుప్ప మీదికి పోతుంది, అక్కడినుంచి పొలానికి పోతుంది. అది బంగారం. పట్టణంలో పొలం లేదు. నీళ్లు కొట్టి కడిగేస్తే అది వీధి కాలువలోకి పోతుంది, కాలువ నిండుతుంది, వానాకాలంలో ఆ నీరే ఎవరి గుమ్మంలోకో వస్తుంది. లైసెన్సు ఇచ్చే అధికారి మీ ఆవు అందం చూడరు, మీ కాలువ చూస్తారు. అందుకని దరఖాస్తు పెట్టకముందే పేడకు దారి చూసుకోండి. గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంటే రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి, అంటే మూడు నాలుగు పశువులకు సరిపోతుంది. స్థలం లేనివారు ఊరి చుట్టుపక్కల కూరగాయల రైతుతో మాట్లాడుకుని వారానికి రెండుసార్లు బండి రప్పించుకోవచ్చు. పశువుల మూత్రం విడిగా గుంటలోకి పోయేలా గచ్చు కొంచెం వాలుగా వేయించుకుంటే సగం గొడవ తీరుతుంది.

పెద్ద నగరాలు ఈ సమస్యతో ఏనాడో పెనుగులాడాయి. బొంబాయి నగరంలోని గేదెల సాలలను ఊరి బయటికి తరలించాలని 1949 లో ఆరే పాల కాలనీని ఏర్పాటు చేశారు. పశువులను వెళ్లగొట్టడం ఒక్కటే కాదు, వాటికి స్థలం, నీరు, మేత కూడా చూపించారు. నా ఉద్దేశంలో నిబంధన అంటే అలా ఉండాలి. కాదు అనడంతోపాటు ఎక్కడ అవునో కూడా చెప్పాలి.

చోటు చూపించకుండా కాదంటే ఏమవుతుందో 2022 లో గుజరాత్‌లో చూశాము. అక్కడి శాసనసభ ఆ ఏడాది మార్చి 31 న పట్టణాల్లో పశువులను ఉంచడం, తిప్పడం మీద ఒక బిల్లు ఆమోదించింది. ఎనిమిది మహానగరాల్లోనూ, మరో 156 పట్టణాల్లోనూ పశువులకు లైసెన్సు, చెవి గుర్తు తప్పనిసరి, వీధిలో వదిలితే జైలు, జరిమానా. తరతరాలుగా పశువులే బతుకైన మాల్ధారీ కులస్థులు వీధిన పడ్డామని ఆందోళన చేశారు. గవర్నరు బిల్లును తిప్పి పంపారు. సెప్టెంబరులో ప్రభుత్వమే దాన్ని ఉపసంహరించుకుంది. బిల్లు పోయినా వీధుల్లో పశువుల సమస్య పోలేదు. 2025 నవంబరు 7 న సుప్రీంకోర్టు జాతీయ రహదారులు, ఇతర పెద్ద రోడ్ల మీద తిరిగే పశువులను పట్టి ఆశ్రయాలకు తరలించాలని దేశమంతటా ఆదేశించింది. ఘాటు రోడ్డు మలుపులో రాత్రివేళ నల్ల గేదె పడుకుని ఉంటే ఏమవుతుందో మన ప్రాంతం డ్రైవర్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పందుల సంగతి. మన పొరుగున మల్కనగిరి జిల్లాలో 2016 లో సెప్టెంబరు మొదలు నవంబరు దాకా జ్వరం, మూర్ఛలతో వంద మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. ఆ దుఃఖం ఈ కొండల్లో ఇంకా ఆరలేదు. కొందరు పిల్లల్లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జ్వరం ఉన్నట్టు తేలింది. ఈ వ్యాధి క్రిమి పందుల రక్తంలో బాగా పెరుగుతుంది. వరిమళ్లలో పుట్టే దోమ పందిని కుట్టి, తరువాత పిల్లవాణ్ణి కుడితే క్రిమి పిల్లవాడికి చేరుతుంది. అందుకే అప్పుడు అధికారులు పందులను ఇళ్లకు దూరంగా, దొడ్లలో కట్టి ఉంచాలని పట్టుబట్టారు. పందులే ఆస్తి అయిన గిరిజన కుటుంబాలకు అది కష్టంగానే తోచింది. తరువాత నిపుణులు పరిశీలించి, చాలామంది పిల్లల చావుకు అడవి కసింద గింజలు తినడం కారణమని చెప్పారు. ఒడియాలో దాన్ని బణ చకుండా అంటారు. అంటే నేరమంతా పందిది కాదు. అయినా మెదడువాపు ప్రమాదం నిజమే. పంది పడుకునే చోటు, పిల్లలు పడుకునే చోటు పక్కపక్కన ఉండకూడదన్న నియమం కక్షతో పెట్టినది కాదు. ఆవు, గేదె ఈ క్రిమిని అలా పెంచవు కాబట్టి వాటికీ పందులకూ ఒకే నిబంధన ఉండదు. మునిసిపాలిటీలు పందుల విషయంలో ఎందుకు ఎక్కువ కఠినంగా ఉంటాయో దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. కసింద సంగతి కూడా మరవకండి. పెరటి చుట్టూ ఆ మొక్క ఉంటే పూత దశలోనే పీకేయండి.

అంతటి భయం ఉన్న మరో జబ్బు దొమ్మ రోగం. ఆంత్రాక్స్ అంటారు. కొరాపుట్ జిల్లాలో ఇది మళ్లీ మళ్లీ కనబడుతూనే ఉంది. ఉన్నట్టుండి చచ్చిన పశువును కోసినా, తిన్నా మనిషికి అంటుకుంటుంది. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం ప్రకారం ఇటువంటి రోగం అనుమానం వస్తే యజమాని వెంటనే తెలియజేయాలి. లైసెన్సు ఉన్నా లేకపోయినా ఆ బాధ్యత ఉంటుంది. పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక అందరూ భయపడే బందెలదొడ్డికి వద్దాం. వీధిలో తిరుగుతున్న ఆవును మునిసిపాలిటీవారు తోలుకుపోయారనుకోండి, ఏమి చేయాలి? దీనికి మూలం 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం. ఆనాటినుంచి నేటివరకు ఇదే నడుస్తున్నది. మీ పశువు పక్కవారి చేను మేసిందని వారు పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లోగా దగ్గరి బందెలదొడ్డికి పంపాలి. తమ ఇంట్లో కట్టేసుకుని ‘డబ్బిస్తేనే వదులుతాం’ అనడానికి హక్కు లేదు. దొడ్డిలో పశువు వివరాలు రిజిస్టరులో రాస్తారు. మీరు వెళ్లి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఇక్కడ గడియారం పరిగెడుతూ ఉంటుంది. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే దొడ్డి కాపరి పోలీసు స్టేషనుకు తెలియజేస్తాడు, నోటీసు అంటిస్తారు. ఆ నోటీసు మీదట మళ్లీ ఏడు రోజులు చూసి వేలం వేస్తారు. కాబట్టి ఆవు సాయంత్రం ఇంటికి రాకపోతే ‘రేపు వస్తుందిలే’ అని వారం గడపకండి. మర్నాడే దొడ్డికి వెళ్లి చూడండి.

వేలం అయిపోయినా దారి మూసుకుపోలేదు. జరిమానా, మేత ఖర్చులు పోను మిగిలిన డబ్బు మీదే. మీరు రాకపోతే దాన్ని మూడు నెలలు నిలవ ఉంచుతారు. ఇంకొక రుచికరమైన సంగతి. ఆ వేలంలో పోలీసు అధికారి గానీ, దొడ్డి కాపరి గానీ స్వయంగానూ, మరొకరి ద్వారానూ పశువును కొనకూడదని చట్టం తెగేసి చెప్పింది. నూట యాభై ఏళ్ల కిందటి ఆ చట్టకర్తకు లోకం బాగా తెలుసుననిపిస్తుంది. మీ పశువును అన్యాయంగా పట్టారనుకుంటే, పట్టిన పది రోజుల్లోగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. కానీ దౌర్జన్యంగా తాళ్లు కోసి విడిపించుకుపోతే అది నేరం. కోపం ఎంత ఉన్నా ఆ పని చేయకండి.

బందెలదొడ్డి భయంతో కొందరు పట్టణం వదిలి, ఊరి శివారులో సాల వేసుకుందామనుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ మన ప్రాంతంలో అందులో ఒక మెలిక ఉంది. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతాలు. ఒడిశాలో 1956 నాటి 2 వ నంబరు రెగ్యులేషను ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. సరిహద్దు దాటి ముంచంగిపుట్టు వైపు వెళ్లినా 1970 నాటి 1 వ నంబరు రెగ్యులేషను, అంటే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది, ఉంది. అమ్మకమే కాదు, కౌలు కూడా వాటి కిందికి వస్తుంది. ‘పది సెంట్లే కదా, నోటిమాట మీద కౌలుకు తీసుకున్నాను’ అని పాక వేస్తే, రేపు పాకా పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. ఆ భూమి మీద ఆధారపడ్డ గిరిజన కుటుంబానికి కూడా అన్యాయం జరుగుతుంది. భూమి ఎవరి పేర ఉందో తహశీల్దారు కార్యాలయంలో చూసుకోకుండా ఒక్క గుంజ కూడా పాతకండి.

ఇక ప్రయాణం. మాచ్‌ఖండ్ నుంచి ఆవులను లారీలో విజయనగరం తీసుకుపోతున్న మన కుటుంబం దారిలో చెక్‌పోస్టు దాటాలి. ఒడిశాలో 1960 నాటి, ఆంధ్రలో 1977 నాటి గోవధ నిషేధ చట్టాలున్నాయి కాబట్టి పశువుల బండి కనబడితే పోలీసులు ఆపి అడగడం సహజం. అప్పుడు మాటలు కాదు, కాగితాలు కావాలి. ఆవులు ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని పశువైద్యుడు ఇచ్చిన పత్రం మొదటిది. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం ఒక సరుకుల లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు. ‘దగ్గరే కదా, నడిపించుకుపోదాం’ అనుకునేవారికి 2001 లో వేరే నియమాలు వచ్చాయి. బయలుదేరిన ఊరి పొలిమేర నుంచి అయిదు కిలోమీటర్లు, అంతకు మించిన దూరమైతే నడకకు కూడా ఆరోగ్య పత్రం ఉండాలి. ఒనకడిల్లీ గురువారం సంతలో పశువును కొని కొండ దిగేవారు ఈ దూరం లెక్క తప్పకుండా చూసుకోవాలి.

పాలు ఎక్కువ చేపడానికి సూదిమందు వేసే అలవాటు పట్టణాల్లో కొందరు పాలవాళ్లకు ఉంది. పశువు ఆరోగ్యం చెడేలా అలా చేస్తే రెండేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చని, ఆ పశువును కూడా ప్రభుత్వం తీసుకోవచ్చని 1960 చట్టంలోనే ఉంది. లైసెన్సు తీసుకున్నంతమాత్రాన ఇది చెల్లదు.

చివరగా చెవి ట్యాగు సంగతి చెప్పి ముగిస్తాను. టీకాలు వేసేటప్పుడు పశువు చెవికి పన్నెండు అంకెల నంబరుతో పసుపు రంగు బిళ్ల వేస్తున్నారు. కొందరు యజమానులు చెవి పాడవుతుందని దాన్ని తీసేస్తున్నారు. తీయకండి. బందెలదొడ్డిలో ‘ఈ ఆవు నాదే’ అని చెప్పడానికి, చెక్‌పోస్టులో కాగితంలో రాసిన ఆవు, బండిలో ఉన్న ఆవు ఒక్కటేనని చూపడానికి ఆ నంబరు పనికి వస్తుంది. సంతలో పశువును కొన్నప్పుడు అమ్మినవారి పేరు, ఊరు, తేదీ, ధరతోపాటు ఆ పన్నెండు అంకెలనూ రశీదు మీద రాయించుకోండి. తరువాత దగ్గరి పశువైద్యశాలకు వెళ్లి ఆ నంబరును మీ పేరు మీదికి మార్పించుకోండి. బిళ్ల ఊడిపోతే అక్కడే కొత్తది వేయించుకుని, మార్చిన నంబరును పాత రశీదు వెనుక రాయించుకోండి.